పడవకో సూర్యుడు, మనుషులకో సూర్యుడు

ఇంటి ముందు గది
జూన్ 3

బావా,

పందొమ్మిదేళ్ల కిందట స్టూడియోలో బ్యాంకు మేనేజరు కుటుంబం ముందు నువ్వన్న మాట నేను మర్చిపోయానని నీకు ధీమా. మర్చిపోలేదు. రోజూ పొద్దున పళ్లు తోముకునేటప్పుడు ఒకసారి గుర్తు చేసుకుంటాను, మరుపు రాకుండా.

నేను వేసిన సముద్రం తెర ముందు ఆ ఎనిమిది మందినీ నిలబెట్టావు. కెమెరాలోంచి చూశావు. తల బయటికి తీసి, "మా పెయింటరు సముద్రంలో పడవకో సూర్యుడు, మనుషులకో సూర్యుడు. ఇలాంటిది లోకంలో ఎక్కడా ఉండదండీ" అన్నావు. అందరూ నవ్వారు. మేనేజరు అత్తగారికి పళ్లు లేవు, ఆవిడ కూడా నవ్వింది. నేను ఆ మూలే నిచ్చెన మీద ఉన్నాను. దిగి, కుంచె కడిగి, వచ్చేశాను. ఆ తర్వాత నీ స్టూడియో గడప గానీ, దాని వెనకే ఉన్న మా చెల్లెలి ఇంటి గడప గానీ తొక్కలేదు. గేట్లకి రంగులు వేసుకుని బతికాను. గేటుకి నీడతో పని లేదు.

నా పని నేను సరిగ్గానే చేశాను. నేను తెర వేసేనాటికి నీ పెద్ద లైటు ఎడమ పక్క ఉండేది. లైటు ఎటుంటే తెరలో సూర్యుడు అటు. ముందు నిలబడ్డ మనుషుల నీడ ఎటు పడితే లోపలి పడవ నీడ అటు. తెరలు వేసేవాడికి అది మొదటి పాఠం. అందుకని పడవ నీడ కుడికి వేశాను. పదకొండేళ్లు ఎవరూ కిక్కురుమనలేదు. ఆ రోజు ఎవరో లైటుని కుడి పక్కకి జరిపారు. ఎవరో అంటే నువ్వే. మనుషుల నీడలు ఎడమకి పడ్డాయి, నా పడవ నీడ కుడికే ఉండిపోయింది. లైటు జరిపింది నువ్వు, నవ్వులపాలైంది నేను.

ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, నీ కూతురే, నా మేనకోడలు వచ్చి చెప్పింది. నువ్వు స్టూడియో మూసేసి, పెళ్లిళ్లకి తిప్పే ఆ పాత వ్యాను వేసుకుని, మా చెల్లెల్ని ఎక్కించుకుని, సముద్రం పక్క రోడ్డు పట్టుకుని ఫొటోలు తీసుకుంటూ పోతున్నావట. రోజుకి ముప్పై కిలోమీటర్లట. నచ్చిన చోట వారం ఆగుతారట. పోతే పో. కానీ స్టూడియో ఊడుస్తుంటే గోడ మీద నా తెర లేదట. నా సముద్రం ఎక్కడ?

రెండో సంగతి. లోకంలో ఎక్కడా ఉండదన్నావు. అప్పటికి నువ్వూ సముద్రం చూడలేదు, నేనూ చూడలేదు. నేను క్యాలెండరు చూసి వేశాను, నువ్వు నా తెర చూసి మాట్లాడావు. ఇప్పుడు దాని పక్కనే తిరుగుతున్నావు గనక వెతుకు. పడవ నీడ ఒక పక్కకి, మనిషి నీడ ఇంకో పక్కకి పడే చోటు ఉందో లేదో చూసి రాయి. ఉంటే, తప్పు నాది అని కాగితం మీద రాసి సంతకం పెట్టి పంపు. అప్పుడు మీ గడప తొక్కుతాను. లేకపోతే ఈ జన్మకి తొక్కను. ఈ మాట చెల్లెలికి కూడా చెప్పు.

ఫోను చెయ్యొద్దు. ఫోనులో నువ్వు నవ్వితే వినిపిస్తుంది. మేనకోడలు తాను రాసిపెడతానంది. నా కోపం ఇంకొకరి చేత్తో ఎందుకని నేనే రాస్తున్నాను. మూడో తరగతి చదువు, ఈ కాగితానికి రెండు రోజులు పట్టింది. మీకోసం ఏ ఊరి పోస్టాఫీసులో ఉంచాలో తనకే తెలుసు గనక పై అడ్రసు మాత్రం తను రాస్తుంది.

తెరల పెయింటరు


లైట్‌హౌస్ కింద, వ్యానులో
జూన్ 14

పూజ్యులైన బావగారికి నమస్కారములు.

తమరి ఉత్తరం అందినది. ఇన్నేళ్ల తర్వాత మీ చేతిరాత చూసి మీ చెల్లెలు ఏడ్చినది. చదివిన తర్వాత నవ్వినది. నేను నవ్వలేదు.

తెర నా దగ్గర భద్రంగా ఉన్నది. కెమెరా పెట్టెల మీద దుమ్ము పడకుండా కప్పుకోవడానికి తెచ్చాను. తమరికి అభ్యంతరం ఉండదనుకున్నాను.

లైటు విషయం. దానిని నేను జరపలేదు. ఆ రోజు పై మూల మేఘానికి రంగు పెచ్చులూడినదని మీరు నిచ్చెన వేసుకున్నారు. నిచ్చెనకి అడ్డమని లైటు మీరే జరిపి ఉంటారని నేను అప్పటినుంచీ అనుకుంటున్నాను. పెద్దవారు గనక అడగలేదు.

ఇక మీరడిగిన చోటు. నిన్న సాయంత్రం ఒడ్డున నేను, మీ చెల్లెలు, ఒక పడవ, ఒక కుక్క వరసగా నిలబడి చూసుకున్నాము. నాలుగు నీడలూ ఒకే పక్కకి పడ్డాయి. కుక్కని ఇటు నుంచి అటు మార్చి కూడా చూశాను. తేడా లేదు. క్షమించగలరు.

సముద్రం బాగానే ఉన్నది గానీ ఒక్క నిమిషం నిలబడదు. ముప్పై ఎనిమిదేళ్లు మనుషులని కదలకండి అన్నవాణ్ణి, అలవాటు కొద్దీ దానిని కూడా అన్నాను. మీ చెల్లెలు మడత కుర్చీలోంచి కింద పడబోయినది. ఇప్పటికి నాలుగు రీళ్లు అయినాయి. ఊళ్లో ప్రింటు వేయించాను. అన్నిటిలోనూ కింద ఒక బూడిద రంగు చార, పైన ఇంకొక బూడిద రంగు చార. ఏది నీళ్లో, ఏది ఆకాశమో మర్చిపోకుండా వెనక రాసిపెట్టుకుంటున్నాను.

ఇట్లు,
మీ చెల్లెలి భర్త


ఇంటి ముందు గది
జూన్ 25

బావా,

పూజ్యులు, తమరు, అందినది, ఉన్నది. ఇదేం రాత? కరెంటు ఆఫీసు నోటీసులా ఉంది. నిచ్చెన పట్టుకోమంటే "నువ్వే పట్టుకో బావా, నాకు చేతులు ఖాళీ లేవు" అనేవాడివి. కోపముంటే కోపంగా రాయి, మర్యాదగా రాయకు. మర్యాద చదవాలంటే నాకు కష్టం, అక్షరాలు ఎక్కువుంటాయి.

నా సముద్రాన్ని పెట్టెల మీద కప్పావా. పన్నెండడుగుల సముద్రం. నాలుగు నెలలు వేశాను. మడత పెట్టావా, చుట్టావా? మడత పెడితే మడత మడతకీ రంగు రాలుతుంది. చుట్టాలి. చుట్టేటప్పుడు రంగు వేసిన పక్క బయటికి ఉండాలి. లోపలైతే భద్రమనుకుని అందరూ లోపలికి చుడతారు, అప్పుడు రంగు నలిగి పగుళ్లిస్తుంది. తడి తగలనివ్వకు. సముద్రం పక్కన గాలికే తడి ఉంటుందట, మేనకోడలు చెప్పింది. సముద్రానికి సముద్రం తగలకుండా చూసుకో.

లైటు నేను జరిపానా? నేను నిచ్చెన మీద ఉన్నాను. ఒక చేతిలో రంగు డబ్బా, ఒక చేతిలో కుంచె. దేంతో జరిపాను, కాలితోనా? ఈ మాట పందొమ్మిదేళ్లు కడుపులో పెట్టుకుని కూర్చున్నావన్నమాట. నీకూ కోపం పెట్టుకోవడం తెలుసునని నాకు ఇప్పుడే తెలిసింది.

ఒక్క చోట, ఒక్క కుక్కని పెట్టి చూసి లేదని తేల్చేశావు. అంత పొడుగు సముద్రంలో ఒక్క చోటు చూస్తే సరిపోతుందా? ప్రతి మజిలీలో చూడు. ఊరికే కళ్లతో చూస్తే నీకు తెలియదు, నీ కళ్లు కెమెరాకి అలవాటు పడ్డాయి. తెరని ఒడ్డున రెండు రాటలకి కట్టు. పక్కన నిజం సముద్రం పెట్టుకో. నా పడవ నీడ వంక ఒకసారి, మనుషుల నీడ వంక ఒకసారి చూడు. తేడా కనిపించిన చోట ఆగు.

చెల్లెల్ని ఎండలో నిలబెట్టకు. దాని బదులు నువ్వు రెండుసార్లు నిలబడు.

తెరల పెయింటరు


రోడ్డు మలుపు, టీ కొట్టు వెనక
జూలై 21

బావా,

సరే, నువ్వు అనే రాస్తాను. అలవాటు తప్పి రెండు కాగితాలు చింపాను.

తెర మడత పెట్టలేదు. చుట్టే తెచ్చాను, రంగు బయటికి. నిచ్చెన కింద నిలబెట్టి నువ్వు నాకు నేర్పిన పాఠమే గదా. ఇంకో నిజం కూడా చెప్పేస్తాను. పెట్టెల మీద కప్పడానికి తెచ్చానన్నది అబద్ధం. ఇల్లు తాళం వేసి, వ్యాను మెయిన్ రోడ్డు ఎక్కాక వెనక్కి తిప్పి, తాళం తీసి, గోడ మీంచి దింపి తెచ్చుకున్నాను. మీ చెల్లెలు ఏమిటని అడిగితే గొడుగు మర్చిపోయానన్నాను. ముప్పై ఏళ్లుగా ఎవరికి ఫొటో తీసినా వెనక అది ఉంది. అది లేకుండా కెమెరా పట్టుకుంటే, ఎదురుగా ఎవరూ లేనట్టుంటుంది.

నువ్వు చెప్పినట్టే ఇక్కడ ఒడ్డున రాటలు పాతి తెర కట్టాను. పది నిమిషాలు కాలేదు, కొత్తగా పెళ్లయిన జంట వచ్చింది. "అంకుల్, దీని ముందు ఒకటి తీస్తారా?" అన్నాడు అబ్బాయి. "వెనక నిజంది ఉంది కదమ్మా" అన్నాను. "దానికి గాలి ఎక్కువండీ, జుట్టు చెదిరిపోతోంది. ఇదైతే కుదురుగా ఉంది" అంది అమ్మాయి. తీశాను. వెనక్కి తిరిగితే వరస కట్టి ఉన్నారు. రెండు రోజుల్లో ఇరవై మూడు కుటుంబాలు. అందరూ నిజం సముద్రాన్ని తెర వెనక వదిలేసి, నీ సముద్రానికి వీపు ఆనించి నవ్వారు. ఒక ముసలావిడ పుట్టినప్పటినుంచీ ఈ ఒడ్డునే ఉందట. వేలితో నీ అలలు లెక్కపెట్టింది. "పదకొండు. ఇన్నాళ్లకి లెక్కకి అందే సముద్రం చూశాను" అంది.

మూడో రోజు తీరం ఆఫీసరు వచ్చాడు. చేతిలో అట్ట, అట్ట మీద ఫారం.

"ఈ సముద్రం ఎవరు పెట్టారు?" అన్నాడు.

"ఏది సార్?"

"ఈ రెండోది. పర్మిషను ఉందా?"

లేదన్నాను. ఫారం నింపడం మొదలుపెట్టాడు. ఎత్తు, తొమ్మిదడుగులు. వెడల్పు, పన్నెండు. ఏమి చూపును, సముద్రం. దేనికి అడ్డు, అన్న చోట ఆగిపోయాడు. తెర వెనక్కి వెళ్లి చూసి వచ్చి, అక్కడ కూడా సముద్రం అని రాశాడు.

"అంటే ఇప్పుడు ఈ చోట సముద్రం కనిపిస్తున్నట్టా, కనిపించనట్టా?" అని నన్నే అడిగాడు.

"ఎటు నుంచి చూసినా కనిపిస్తోందిగా బాబూ, ఇంక నష్టమేముంది?" అంది మీ చెల్లెలు కుర్చీలోంచి.

ఆయన చాలాసేపు ఆలోచించి, నష్టము లేదు అని రాసి, తారీఖు వేసి, దువ్వెన తీసుకుని తల దువ్వుకుని తెర ముందు కూర్చున్నాడు. టోపీతో ఒకటి, టోపీ లేకుండా ఒకటి.

ఒక్క పడవవాడు మాత్రం తెర ముందు నిలబడి మొహం చిట్లించాడు. "పడవ బాగుంది గానీ తాడు లేదు. కట్టకుండా వదిలేశారు. ఎవరిదో గానీ పోతుంది" అన్నాడు. నీకు చెప్పకుండా దాచడం ఎందుకని రాస్తున్నాను.

నీడల సంగతి. ఈ మూడు వారాల్లో తొమ్మిది చోట్ల కట్టాను. తొమ్మిది చోట్లా మనుషులూ పడవలూ ఒకే సూర్యుడి కిందే ఉన్నారు. మీ చెల్లెలు రోజూ సాయంత్రం నాకంటే ముందే వెళ్లి నీడలు చూస్తోంది. నీకోసం అంత ఆత్రపడటం చూస్తే నాకే మొహం చెల్లడం లేదు.

ఫొటోల బావ


ఇంటి ముందు గది
ఆగస్టు 4

బావా,

తాడా. ఆ పడవవాడికి చెప్పు, ముప్పై ఏళ్లయింది నా పడవ అక్కడ, ఇంకా ఎక్కడికీ పోలేదు. వాడి పడవలు తాళ్లుండీ ఎన్ని కొట్టుకుపోయాయో అడుగు.

ఆ ముసలావిడ మంచి మనిషి. పదకొండు సరైన లెక్క. పన్నెండోది వేసి చెరిపేశాను, ఎక్కువైందని.

ఆఫీసరు ఫొటో ఒకటి పంపు. టోపీ లేనిది.

నువ్వు గొడుగు అబద్ధం చెప్పావని చదివి కాసేపు కాగితం పక్కన పెట్టాను. అంతకంటే దాని గురించి రాయను.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా చదువు. మొన్న మా సందులో సెలూన్ వాడు గోడకున్న పెద్ద అద్దం బయటికి తెచ్చి కడుగుతున్నాడు. నేను ఎదురింటి గోడ నీడలో నిలబడి ఉన్నాను. సూర్యుడు ఆ గోడ వెనక. ఉన్నట్టుండి నా నీడ నా ముందుకి కాకుండా వెనక్కి, గోడ మీదికి పడింది. సూర్యుడు ఉన్న పక్కకే. సందు మధ్య ఎండలో ఉన్న సైకిలు నీడ మాత్రం ఇటు పక్కకే ఉంది. సైకిలుకో సూర్యుడు, నాకో సూర్యుడు. "పట్టుకో, కదిలావంటే ఊరుకోను" అన్నాను వాడితో. అలా ఒక గంట పట్టుకున్నాడు. లోపల ఇద్దరు బుగ్గలకి సబ్బుతో కూర్చుని "ఏమైందయ్యా?" అని అరుస్తున్నారు. "ఏం లేదు, మా బావ తప్పు చేశాడు, చూపిస్తున్నా" అన్నాను. వచ్చి చూసి వాళ్లు కూడా ఒప్పుకున్నారు, సబ్బుతోనే.

అర్థమైందా? చోటు ఉంది. మనిషి నీడలో ఉండాలి, పడవ ఎండలో ఉండాలి, మనిషికి ఎదురుగా అద్దం ఉండాలి. పెద్ద అద్దం. సముద్రం ఒడ్డున అంత అద్దం ఎవరు పెట్టుకున్నారో వెతుకు.

ఒకటి అడుగుతాను, చెల్లెలికి చెప్పకు. నీళ్లు నిజంగా ఏ రంగు? నేను రెండు నీలాలు, ఒక ఆకుపచ్చ కలిపాను. నువ్వు బూడిద అంటున్నావు. నీ రీళ్లు పాడైపోయాయా, నేను తప్పు కలిపానా?

చెల్లెలికి మోకాళ్ల నొప్పులని మేనకోడలు చెప్పింది, ఎలా ఉన్నాయి?

తెరల పెయింటరు


కొండ కింద మలుపు, హోటల్ ఎదురుగా
సెప్టెంబరు 11

బావా,

చోటు దొరికింది.

నీ ఉత్తరం వచ్చినప్పటినుంచీ అద్దాలు వెతుక్కుంటూ వెళ్లాం. కళ్లద్దాల దుకాణం, బస్సుల షెడ్డు, ఒక ఐస్‌క్రీమ్ బండి, దేన్నీ వదల్లేదు. ఐస్‌క్రీమ్ బండివాడు మమ్మల్ని చూస్తే పారిపోయే దాకా వచ్చింది. ఇరవై ఎనిమిది రోజులు.

ఇక్కడ సముద్రం ఒక కొండ పక్కగా లోపలికి వంగుతుంది. కొండ ఎడమ పక్క. కుడి పక్క గట్టు మీద ఏడంతస్తుల హోటల్, ముందంతా అద్దాలే. సాయంత్రం అయిదింటికి సూర్యుడు కొండ వెనక్కి వెళ్తాడు. ఒడ్డంతా నీడ. దూరంగా ఇసుక తిన్నె మీద ఒక పాత పడవ పడి ఉంది, దాని మీద ఎండ ఇంకా ఉంటుంది, దాని నీడ కుడికి. అదే సమయానికి హోటల్ అద్దాల మీద పడిన ఎండ తిరిగి వచ్చి ఒడ్డున ఒక చాప వేసినంత మేర పడుతుంది. ఆ చాపలో నిలబడితే మనిషి నీడ ఎడమకి. పదకొండు నిమిషాలు. గడియారం పెట్టి చూశాను.

మొదటి రోజు వెలుతురు మసగ్గా ఉంది. అద్దాలు తుడిచే మనిషి తాళ్లకి వేలాడుతూ పని చేస్తుంటే కింద నుంచి అరిచి సంగతంతా చెప్పాను. "మీ బావగారికా? ఎన్నేళ్ల కోపం?" అన్నాడు పైనుంచి. చెప్పాను. పాపం, అయిదో అంతస్తూ ఆరో అంతస్తూ రెండోసారి తుడిచాడు. మర్నాడు నీడ నల్లగా, గీత గీసినట్టు పడింది.

ఫొటో పంపుతున్నాను. మీ చెల్లెలు నిలబడింది. వెనక పడవ. చూసుకో. నా బతుకులో సముద్రం దగ్గర నిలకడగా వచ్చిన ఫొటో ఇదొక్కటే.

కాగితం కూడా పంపుతున్నాను. తప్పు నాది, ఇలాంటి చోటు లోకంలో ఉంది అని రాసి సంతకం పెట్టాను. సాక్షిగా అద్దాలు తుడిచే మనిషి చేత పెట్టించాను. లైటు నేను జరపలేదని మాత్రం ఇప్పటికీ అంటాను. కానీ ఆ మాట అంతమంది ముందు అనకుండా ఉండాల్సింది. నవ్వుతారని తెలిసే అన్నాను. అది తప్పే.

నీళ్ల రంగు. పొద్దున చూసింది మధ్యాహ్నానికి ఉండదు. రోజులో ఒకసారి, పదింటికి, నీ రెండు నీలాలూ ఆ ఆకుపచ్చా వస్తాయి. కాసేపు ఉంటాయి. ఆ టైముకి నా రీలు ఎప్పుడూ అయిపోయి ఉంటుంది.

ఒక చిక్కు ఉంది. సూర్యుడు రోజూ కొంచెం జరుగుతున్నాడు, ఒడ్డున ఆ వెలుతురు చాప రోజుకి ఒక జానెడు రాళ్ల వైపు పోతోంది. అక్టోబరు ఎనిమిదో, తొమ్మిదో దాటితే రాళ్లలో పడిపోతుందని అద్దాల మనిషి లెక్క. అప్పటిదాకా మేం ఇక్కడే ఉంటాం. ఎందుకో చెప్పక్కర్లేదు.

మీ చెల్లెలు వేరే కాగితం రాసి, జిగురు పెట్టి అతికించి ఇచ్చింది. ఏమిటని అడిగితే "మా అన్నాచెల్లెళ్ల సంగతి, నీకెందుకు?" అంది. చదవలేదు.

ఫొటోల బావ


(లోపల అతికించిన కాగితం)

అన్నయ్యా,

ఆ రోజు లైటు జరిపింది నేను.

మధ్యాహ్నం స్టూడియో ఖాళీగా ఉందని, పిల్ల స్కూలు గౌను కుట్టుకోవడానికి వెలుతురు చాలక, ఆ లైటు స్టాండు తోసుకెళ్లి వెనక గదిలో మిషను దగ్గర పెట్టుకున్నాను. నువ్వు రంగు కలుపుకోవడానికి పెరట్లో ఉన్నావు, ఆయన బయటికెళ్లారు. బ్యాంకు వాళ్లు వచ్చారని ఆయన వీధిలోంచే కేకేస్తే గబగబా తెచ్చి పెట్టేశాను. ఎడమకి పెట్టాల్సింది కుడికి పెట్టాను.

అంతమంది నీ సూర్యుడి గురించి నవ్వుతుంటే మధ్యలో గౌను సంగతి ఎలా చెప్పను? మర్నాడు నువ్వు చల్లబడ్డాక చెబుదామనుకున్నాను. మర్నాడు నువ్వు రాలేదు. ఏడాది అయ్యాక చెబితే, ఏడాది ఎందుకు చెప్పలేదంటారని భయమేసింది. అలా ఇన్నేళ్లయింది. ఆ చోటు దొరికితే మీ ఇద్దరిలో ఎవరూ తప్పు కాకుండా పోతారని రోజూ నీడలు చూస్తూ తిరిగాను.

ఆయన ఆ కాగితం రాస్తుంటే పక్కనే కూర్చున్నాను. మూడుసార్లు కలం పెట్టి తీశారు. తప్పు నాదైతే ఆయన సంతకం పెట్టారు. ఆయనకి చెప్పడానికి నాకు నోరు రావడం లేదు. చెబితే ఏమీ అనరు, అదే నాకు కష్టం. చెప్పాలో వద్దో నువ్వే తేల్చు.

ఒక్కసారి రా అన్నయ్యా.

చెల్లి


ఇంటి ముందు గది
సెప్టెంబరు 20

బావా,

ఫొటో అందింది. సెలూన్ వాడికీ, ఆ ఇద్దరికీ చూపించాను. పడవ నీడ కుడికి, మా చెల్లెలి నీడ ఎడమకి. చెల్లెలు కొంచెం బక్కచిక్కింది. ఎండ తగ్గాక నిలబెట్టు.

చెల్లెలి కాగితం చదివాను. పొయ్యిలో పెట్టాను. అందులో నా ఆరోగ్యం గురించి రాసింది, అంతే. దాన్ని అడగకు.

నువ్వు సంతకం పెట్టిన కాగితం నాలుగు ముక్కలు చేసి దీంతోపాటు తిప్పి పంపుతున్నాను. ఎందుకంటే నాకు గుర్తొచ్చింది. ఆ రోజు లైటు నేనే జరిపాను. నువ్వు మొదట రాసిందే నిజం. నిచ్చెనకి అడ్డమొచ్చింది. నిచ్చెన ఎక్కకముందు జరిపాను, కాలితో కాదు, చేత్తోనే. ముసలాణ్ణి, మర్చిపోయాను. పందొమ్మిదేళ్లు నిన్ను అన్న మాటలన్నీ నాకే తగలాలి. కావాలంటే లైటు మా పెయింటరు జరిపాడు అని రాసి నీ స్టూడియో గోడకి ఫ్రేము కట్టి పెట్టుకో. ఎవరు నవ్వినా సరే. కానీ ఎవరైనా లైటు మాట ఎత్తితే నా దగ్గరికి పంపు. చెల్లెలి దగ్గర ఎత్తనివ్వకు, నువ్వూ ఎత్తకు. అదంటే దానికి విసుగు.

నువ్వు తెలివైనవాడివి. ఇది చదివి ఏదో ఆలోచిస్తావు. ఆలోచించకు.

లోకంలో ఎక్కడా ఉండదన్న మాట మాత్రం తప్పే. అది నీ దగ్గరే ఉంచుకో.

నేను వస్తున్నాను. మేనకోడలు బస్సుల టైము కనుక్కుంది. రెండు బస్సులు మారాలి. ఒక్కణ్ణే వస్తాను, ఎవరూ తోడు అక్కర్లేదు. నా రంగుల పెట్టె తెస్తాను. ఆ పదింటి నీళ్లు నేను కళ్లతో చూసి కలుపుతాను, నీ రీలుతో పని లేదు.

బయలుదేరే ముందు నాకు కొన్ని సంగతులు తెలియాలి. తెర వేసినవాడు తెర పక్కన నిలబడతాడు, ముందు నిలబడడు. ముప్పై ఏళ్లలో దాని ముందు నేను ఒక్క ఫొటో దిగలేదు, నువ్వు తీస్తాననలేదు, నేను అడగలేదు. ఆ వెలుతురు చాపలో తెర కట్టే వీలుందా? కడితే నన్ను ఎటు తిప్పి నిలబెడతావు? నా సముద్రం వెనక పెట్టి నిజం సముద్రాన్ని చూస్తూ నిలబడాలా, నిజందాన్ని వెనక పెట్టి నాది చూస్తూ నిలబడాలా? నాకు ఉన్నవి రెండు చొక్కాలు, ఒకటి తెల్లది, ఒకటి బూడిద రంగు. ఏది వేసుకోవాలి? చెల్లెలు పక్కన కుర్చీలో ఉంటుందా, నిలబడుతుందా? నువ్వు కూడా ఉండాలంటే కెమెరా ఎవరు నొక్కుతారు, ఆ అద్దాల మనిషికి వచ్చా?

ఇవన్నీ తేల్చి రాయి. జవాబు ఈ నెల ముప్పయ్యో తేదీ లోపు నా చేతిలో ఉండాలి. ముప్పై ఒకటి లేదు ఈ నెలకి, చూసుకున్నాను. నాకు డెబ్బై నాలుగు. ఇంకోసారి అలగడానికి టైము లేదు.

నీ బావ